నోరు మంచిదై పోయిన ఇల్లు

పాతబస్తీలో ఇల్లు పోగొట్టుకున్నవాళ్లకు కొదవలేదు. కోర్టుల్లో పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు, అన్నదమ్ముల పంపకాల్లో పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు. కానీ ఒక్క గ్లాసు మజ్జిగ తాగి, నాలుగు మంచి మాటలు చెప్పి, ఇంకా కొనని ఇంటిని పోగొట్టుకున్న మొనగాణ్ణి బహుశా నేనొక్కడినే. ఆ ఘనకార్యం చెబుతాను, వినండి. నవ్వుకున్నా ఫర్వాలేదు. మా ఆవిడ కూడా ఇప్పుడు నవ్వుతోంది. అప్పుడు మాత్రం నవ్వలేదు.

మేమప్పుడు పురానాపూల్ దగ్గర మేడమీద వాటాలో కిరాయికి ఉండేవాళ్లం. నేను కరెంటాఫీసులో గుమస్తాను. మా ఆవిడ సునంద ఇంట్లోనే బ్లౌజులు కుడుతుంది. ఆమె మిషను తొక్కితే కింద ఓనరుకు నిద్ర పట్టదట. మధ్యాహ్నం నిద్ర! అదేం చిత్రమో, పండుగల ముందు సునందకు గిరాకీ పెరిగినప్పుడే ఆయనకు నిద్ర ముంచుకొచ్చేది. కర్రతో కింది నుంచి స్లాబు మీద టకటకా కొట్టేవాడు. సునంద మిషను ఆపేసి, చేతిలో బట్ట పట్టుకుని అలాగే కూర్చునేది.

"సొంత ఇల్లు, రోడ్డు మీదికి ఒక్క అర్ర. నా మిషను నా ఇష్టమొచ్చినప్పుడు తొక్కుకోవాలె. నాకింకేం వద్దు" అనేది. అర్ర అంటే గది.

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్న పెద్దాయన పాతబస్తీలో ఇల్లు కొని చూసి ఉంటే, ఆ రెండూ పిల్లలాటలని ఒప్పుకునేవాడు. అందుకే సొంత తెలివిని నమ్ముకోకుండా పని తెలిసినవాళ్లను పెట్టుకున్నాం. ఇల్లు వెతకడానికి బార్కస్ నుంచి ఖలీల్ భాయ్ అనే బ్రోకరు, కాగితాలు చూడటానికి ఒక వకీలు, గోడలు చూడటానికి ఒక ఇంజనీరు. గౌలిపురలో ఒక ఇల్లు దొరికింది. వకీలు పాత దస్తావేజులన్నీ తిరగేసి శుభ్రంగా ఉన్నాయన్నాడు. ఇంజనీరు గోడలన్నీ తట్టి చూసి మనకంటే గట్టిగా ఉన్నాయన్నాడు. ఇక మిగిలింది ఇంటాయన యాదగిరి బాపుతో కూర్చుని బేరం తేల్చుకుని బయానా, అంటే అడ్వాన్సు, ఇవ్వడమే.

ఆ రోజు పొద్దున ఖలీల్ భాయ్ నన్ను కూర్చోబెట్టి పాఠం చెప్పాడు.

"సార్, వకీల్ సాబ్ పని అయింది, ఇంజనీర్ సాబ్ పని అయింది. మాట్లాడుడు నా పని. ఇగ మీ పని ఏందో తెలుసా?"

"ఏంది భాయ్?"

"కుచ్ నహీ. సప్పుడు చేయకుండ కూసునుడు. అమ్ముదామని పట్టుబట్టింది బాపు ఇంటామె. బాపు మనసు ఇంకా అటు ఇటు ఊగుతుంది. మీరు ఇల్లు మస్తుగుందన్నరంటే ఖేల్ ఖతం. మొహం గిట్ల పెట్టుండ్రి" అని, చాయ్‌లో ఈగ పడ్డవాడిలా మొహం పెట్టి చూపించాడు.

అద్దం ముందు నిలబడి నేనూ సాధన చేశాను. సునంద వచ్చి చూసి, "కడుపునొప్పి లేసినట్టున్నది. గదే మంచిగుంది, గట్లనే ఉంచుండ్రి" అంది.

ఇక్కడ నా జబ్బు గురించి చెప్పాలి. మాది తరతరాలుగా గుళ్లో సేవ చేసుకునే కుటుంబం. ఎవరింటి గడప తొక్కినా నాలుగు మంచి మాటలు చెప్పి రావాలని మా అమ్మ పాలతో పాటు పట్టించింది. దానికి తోడు పుట్టి పెరిగింది పాతబస్తీలో. ఇక్కడ ఒకరింట్లో చాయ్ తాగి మెచ్చుకోకుండా లేచి వస్తే, వాళ్లకు మనం పాత బాకీ ఏదో ఉన్నట్టు చూస్తారు. అలాంటి నన్ను తీసుకెళ్లి వంకలు పెట్టమంటే ఎలా చెప్పండి!

గౌలిపుర ఇంటాయన యాదగిరి బాపుది పాల వ్యాపారం. బర్లను ఊరవతల తమ్ముడి దగ్గరికి తోలేశాడు. అంత వాకిలి ఊడ్చి ఊడ్చి ఆయన భార్య సత్తెమ్మకు నడుము పడిపోయింది. లిఫ్టున్న ఫ్లాటు కావాలని ఆమె పట్టు. ఇక రోడ్డు వైపు బర్ల కొట్టం ఖాళీగా ఉంది. గడపలో అడుగు పెట్టగానే సునంద కళ్లు ఆ కొట్టం మీద పడ్డాయి. అక్కడ మిషను ఎక్కడ వేయాలో, బట్టలు ఎక్కడ వేలాడదీయాలో ఆమె అప్పుడే లెక్క వేసేసుకుందని నాకు అర్థమైంది.

ఖలీల్ భాయ్ మొదలుపెట్టాడు. "బాపు, ఇల్లు మస్తు పాతది. గల్లీ చిన్నది. కారు రాదు."

"కారెందుకు రావాలె? మా తాత గీ గల్లీలనే బర్ల మందను తోలిండు" అన్నాడు బాపు.

నేను మొహం బిగబట్టుకుని కూర్చున్నాను. అంతా సవ్యంగానే సాగుతోంది. అంతలో సత్తెమ్మ మజ్జిగ గ్లాసులు తెచ్చింది. "సల్ల తాగుండ్రి సారు."

ఒక్క గుటక వేశాను. అల్లం, కొత్తిమీర, కాస్త ఇంగువ. నా మొహం నా చేతిలోంచి జారిపోయింది.

"అమ్మా! గిసుంటి సల్ల నా జన్మల తాగలే!"

ఖలీల్ భాయ్ నా కాలు తొక్కాడు. నేను పక్కకు జరిపాను.

"బయట గంత ఎండ, లోపల ఏసీ వెట్టినట్టున్నదేంది బాపు?"

"డంగు సున్నం గోడలు సారు. మా తాత కట్టిచ్చిండు."

"గీ కాలంల గిట్ల కట్టేటోళ్లు ఏరి బాపు! ఫ్లాటంటే ఏముంది, అగ్గిపెట్టె."

బాపు నిటారుగా కూర్చున్నాడు. "ఇనవడుతుందానే?" అని సత్తెమ్మ వైపు తిరిగాడు.

"లిఫ్టుంటది కద సారు" అంది సత్తెమ్మ, గొంతులో ఆశతో.

ఇక్కడైనా ఆగాలా వద్దా? ఆగలేదు. "లిఫ్టా! కరెంటు పోతే నడుమిట్ల ఆగిపోతదమ్మా. నేను కరెంటాఫీసులనే చేస్త, నాకు తెల్వదా?"

ఖలీల్ భాయ్‌కి దగ్గు పట్టుకుంది. సునంద నన్ను చూసిన చూపుకు ఇంకొకడైతే భస్మమయ్యేవాడు. నేను మాత్రం మంచి ఊపు మీద ఉన్నాను.

"గా కొట్టం ఖాళీగ చూస్తెనే పాణం ఉసూరుమంటది సారు" అన్నాడు బాపు దిగులుగా.

"ఖాళీ అంటరేంది బాపు! రోడ్డు మీదికి ఉన్నది. ఒక షట్టర్ పెట్టిస్తే దుకాణం. గల్లీ అంతా గీడికే వస్తది!"

బాపు లేచి నిలబడ్డాడు. నా రెండు చేతులూ పట్టుకున్నాడు. ఆయన కళ్లల్లో నీళ్లు. "ఖలీల్, నేను ఇల్లు అమ్ముత లేను. సారు నా కండ్లు తెరిపించిండు."

"నువ్వు కొననీకి వచ్చినవా బిడ్డా, నా నడుము ఇరగ్గొట్టనీకి వచ్చినవా?" అంది సత్తెమ్మ.

గల్లీ మలుపు తిరిగాక ఖలీల్ భాయ్ టోపీ తీసి తల గోక్కున్నాడు. "సాబ్, అన్నదమ్ములు బేరం చెడగొట్టంగ చూసిన. కాగితాలు చెడగొట్టంగ చూసిన. కొనేటోడే ఓనరుకు ఆయన ఇల్లు ఆయనకే అమ్ముడు ఇదే మొదలు."

సునంద నన్ను వెనక వదిలేసి ముందు నడిచింది. ఇంటికి వచ్చి మిషను ముందు కూర్చుంది. రెండు కుట్లు వేసిందో లేదో, కింద టకటక మొదలైంది. ఆమె మిషను మీద గుడ్డ కప్పేసింది. అప్పుడు మాత్రం నాకు నిజంగా ఏడుపొచ్చింది. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఊరు మంచిదే, ఇల్లే లేదు. బాపు నెల తిరక్కుండానే కొట్టానికి షట్టర్ పెట్టించి పాలు, పెరుగు దుకాణం తెరిచాడు. వాకిలి ఊడవడానికి మనిషినీ పెట్టాడని విని సత్తెమ్మ విషయంలో కొంచెం ఊపిరి పీల్చుకున్నాను.

ఆ తర్వాత ఇంటి వేట సునంద చేతిలోకి పోయింది. ఆమె, ఖలీల్ భాయ్ ఇళ్లు చూడటానికి వెళ్లేవాళ్లు. నన్ను గల్లీ చివర హోటల్లో కూర్చోబెట్టి, "సారు ఎక్కడికీ పోకుండ చూడు" అని హోటలాయనకు అప్పజెప్పేవాళ్లు. చివరికి గౌలిపురలోనే ఇంకో ఇల్లు కుదిరింది. వకీలు చూశాడు, ఇంజనీరు చూశాడు, బ్యాంకువాళ్లు కూడా చూసి వెళ్లారు. నేను చూడలేదు. రిజిస్ట్రేషన్ ఆఫీసులో ఇల్లు అమ్మే ఆవిడకూ నాకూ మధ్య సునంద గోడలా కూర్చుంది. నేను నోరు మూసుకుని చూపించిన చోటల్లా సంతకాలు పెట్టాను.

గృహప్రవేశం నాడు ఖలీల్ భాయ్, వకీలుతో పాటు ఇల్లు అమ్మినావిడ కూడా వచ్చింది. పెద్దావిడ, నర్సుగా పనిచేసి రిటైరైంది. రోడ్డు వైపు గదిలో మిషనుకు పసుపు కుంకుమ పెట్టి సునంద మురిసిపోతూ నిలబడి ఉంది. ఆవిడ నా దగ్గరికి వచ్చి, "ఇల్లు నచ్చిందా తమ్మీ?" అని అడిగింది.

నేను సునంద వైపు చూశాను. సునంద ఖలీల్ భాయ్ వైపు చూసింది. ఖలీల్ భాయ్ వకీలు వైపు చూశాడు. వకీలు నోట్లో లడ్డూ మింగి, "రిజిస్ట్రేషన్ అయిపోయింది కదా, ఇగ మాట్లాడనీయుండ్రి" అన్నాడు.

"ఇప్పుడే చూస్తున్న అక్కా!" అన్నాను. "మస్తుగుంది!"

కనుక మా సొంత గడప మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను. అమ్మకానికి ఉన్న దేన్నీ, అది ఇల్లైనా, స్కూటరైనా, సోరకాయైనా సరే, సంతకాలు పడేదాకా మెచ్చుకోను గాక మెచ్చుకోను. సోరకాయకు సంతకాలేంటని మాత్రం అడగకండి. ఆ సంగతి మా వకీలును కనుక్కుంటాను.