డోరతీ గారి వెండి జగ్గు

నేను వ్రతాలు చేస్తాను, ఉపవాసాలుంటాను. దయ్యాలను మాత్రం ఏనాడూ నమ్మలేదు. ఎవరైనా అలాంటి కథ మొదలుపెడితే టీ పెట్టే వంకతో లేచిపోయే రకాన్ని. అందుకే ఇది చెప్పాలంటే కాస్త సిగ్గుగానే ఉంది.

మేం ఉండేది అమెరికాలోని నేపర్‌విల్‌లో. పక్కింటి డోరతీ గారు ఇల్లు అమ్మేసి కూతురి దగ్గరికి వెళ్తూ నాకో వెండి జగ్గు ఇచ్చారు. అమెరికా కొత్తగా దేశమైన రోజుల్లో చేసిందట. అప్పట్లో ఇక్కడి కంసాలులకు పాత గ్రీకు, రోమన్ పాత్రల పోకడంటే మోజట. నిండు పొట్ట, సన్నటి మెడ, చుట్టూ ఆకుల వరస, కింద చిన్న పీట, పైకి లేచిన పిడి, దానికెదురుగా ముందుకు సాగిన మూతి. ఇంత విలువైంది వద్దన్నాను. మా అమ్మాయి దీన్ని తోమదు, నువ్వైతే తోముతావు అన్నారావిడ.

మా వెండి కలశం హైదరాబాద్‌లో బ్యాంకు లాకర్‌లో ఉంది. అందుకని ఆ ఏడాది వరలక్ష్మీ వ్రతానికి ఈ జగ్గునే కలశంగా పెట్టాను. మా అత్తగారు వీడియో కాల్‌లో చూసి, “కలశానికి పిడేమిటమ్మా?” అని ముక్కున వేలేసుకున్నారు. కాసేపటికి ఆవిడే, వెండికి అంటూ మైలా ఏముంది, కానివ్వు అన్నారు.

పళ్లెంలో బియ్యం పోసి, మీద జగ్గు నిలిపి, మామిడాకులు, కొబ్బరికాయ పెట్టాను. జగ్గు మూతి తూర్పు కిటికీ వైపు ఉంచాను. హారతి అయ్యాక మా ఆయన మురళి బేస్‌మెంట్‌లోని తన ఆఫీస్ గదికి వెళ్లిపోయారు. సాయంత్రం దాకా మీటింగ్స్. ఆ తలుపు మూసి ఉంటే ఎవరూ కిందికి వెళ్లకూడదని మా ఇంట్లో రూల్. ఒకసారి నేను పోపు గరిటెతో వెళ్లి ఆయన మేనేజర్ కంటపడ్డప్పటి నుంచి అది మరీ గట్టిపడింది.

సాయంత్రం పేరంటానికి శనగలు సర్దుతూ, కుంకుమ భరిణె కోసం పూజ దగ్గరికి వచ్చాను. జగ్గు మూతి బేస్‌మెంట్ తలుపు వైపు ఉంది.

ఉద్వాసన చెప్పేదాకా కలశాన్ని కదపకూడదు. నాకు ఒళ్లు మండింది. ఇంట్లో ఉన్నది మేమిద్దరమే. నేను ముట్టుకోలేదు కాబట్టి ఈయనే ఛార్జర్ కోసం వెతుకుతూ తిప్పేసి ఉంటారనుకున్నాను. ఒక్కటి మాత్రం అప్పుడే కంటికి ఆనింది. కింద బియ్యం చెదరలేదు. జగ్గు చుట్టూ బియ్యం మీద నేను పెట్టిన కుంకుమ బొట్లు అలాగే ఉన్నాయి.

అయినా కోపం ఆగలేదు. రూలూ గీలూ పక్కన పెట్టి, నాలుగు దులిపేద్దామని కిందికి దిగాను.

ఆయన కుర్చీ పక్కన నేల మీద పడి ఉన్నారు. చెయ్యి ఛాతీ మీద, ఒళ్లంతా చెమట. లాప్‌టాప్‌లో ఎవరో మాట్లాడుతూనే ఉన్నారు. ఈయన కెమెరా ఆఫ్‌లో ఉంది.

911కి ఫోన్ చేశాను. గుండెపోటు. స్టెంట్ వేశారు. ఇంకాస్త ఆలస్యమైతే చేతుల్లో ఉండేది కాదన్నారు డాక్టర్. మామూలుగా అయితే నేను పేరంటం ముగిసేదాకా కిందికి వెళ్లేదాన్నే కాదు. ఆ మాట తలచుకున్నప్పుడల్లా ఇప్పటికీ చేతులు వాటంతటవే దండం పెడతాయి.

మురళి ఇంటికొచ్చాక డోరతీ గారికి ఫోన్ చేశాను. పూజలో జగ్గును ఆయనే కదిపారనుకుని తిట్టడానికి వెళ్లానని, అక్కడ ఆయన పడి ఉండడం చూశానని చెప్పాను. ఆవిడ వెంటనే, “ఆయన ఉన్న వైపే తిరిగింది కదా?” అన్నారు.

కదిలిందన్నానే గానీ, తిరిగిందని నేను చెప్పనే లేదు.

వాళ్లాయన గరాజ్‌లో ఒంటరిగా పోయారని నాకు తెలుసు. ఆ మధ్యాహ్నం డైనింగ్ టేబుల్ మీది జగ్గు గరాజ్ వైపు తిరిగి ఉందట. “నేను దాన్ని మళ్లీ సరిగ్గా పెట్టేసి, నా పని చూసుకున్నాను,” అన్నారు డోరతీ గారు.

మా అత్తగారు అమ్మవారి మహిమ అంటారు. మురళి ఏసీ అదురుకి కదిలి ఉంటుందంటారు. అలాగైతే బియ్యం చెదరాలి కదా. అసలు సంగతి నాకు తెలీదు. తెలియకపోయినా శుక్రవారం శుక్రవారం దాన్ని విభూతితో తోమి, అమ్మవారికో దండం, డోరతీ గారికో దండం పెట్టుకుంటాను.

దాని మూతి కాస్త పక్కకి ఉన్నట్టనిపిస్తే మాత్రం సర్దను. ముందు “ఏమండీ” అని కేకేస్తాను. ఎంత పెద్ద మీటింగ్‌లో ఉన్నా సరే, ఆయన పలకాల్సిందే.