రోములో నేను కార్చిన కన్నీళ్ళు

ఆ రోజుల్లో నాకు ప్రపంచమంతా తెలుసునని ఒక గట్టి నమ్మకం ఉండేది. ప్రపంచం అంటే అటు ప్రత్తిపాడు నుంచి ఇటు గుంటూరు మిర్చి యార్డు దాకా అన్నమాట. మిగతాది ఫోనులో చూశాను. అప్పటికి నాకు పెళ్ళయి ఎనిమిది నెలలు. కొత్తగా పెళ్ళయిన మగవాడికి ఒక జబ్బు ఉంటుంది. భార్యకు తెలియనిది తనకేదో తెలుసని చూపించుకోకపోతే పూట గడవదు. నాకది కాస్త ముదిరింది. ఇప్పుడు తలుచుకుంటే ఆ కుర్రాణ్ణి చెవి పట్టుకుని లాగి రెండు తగిలించాలనిపిస్తుంది గాని, వాడు చేతికి దొరకడు. అద్దంలో కనపడేవాడికి బట్టతల వచ్చేసింది, వీణ్ణి కొట్టి లాభం లేదు.

యార్డులో ఒక కమీషన్ కొట్టులో సరుకు చూడడం నా ఉద్యోగం. రైతు తెచ్చిన టిక్కీలో (మిరప బస్తాను యార్డులో అట్లాగే అంటారు) మోచేతి దాకా చెయ్యి దూర్చి అడుగు నుంచి నాలుగు కాయలు లాగాలి. ఎందుకంటే పైన నిగనిగలాడే కాయలు పేర్చి, అడుగున రంగు పోయిన తాలు కాయలు దాచే మహానుభావులు కొందరుంటారు. లాగిన కాయను చెవి దగ్గర ఆడించి గింజ చప్పుడు వినాలి. విరిచి వాసన చూడాలి. కొరికి నాలుక చివర పెట్టుకోవాలి. మిగిలింది పక్కన పారెయ్యాలి. దీనికి ఎవరినీ అడగక్కర్లేదు. పైగా చూడకుండా దాటిపోతే "ఏం, నా సరుకు సరుకులా కనపళ్ళేదా?" అని రైతే కోప్పడతాడు. లోకంలో నాకు వచ్చిన విద్య ఇదొక్కటే. అది నన్ను రోములో నిలువునా ముంచుతుందని అప్పుడు తెలియదు.

రోము అనే మాట మా ఇంట్లోకి మా బాబాయి ద్వారా వచ్చింది. ఆయనకు ప్రత్తిపాడులో పురుగుమందుల కొట్టు ఉంది. ఏదో మందు బాగా అమ్మాడని కంపెనీవాళ్ళు భార్యాభర్తలకు రోములో నాలుగు రోజులు బహుమానంగా ఇచ్చారు. బాబాయి నన్ను పిలిచి, "ఒరేయ్, నా మోకాళ్ళకి మన బజారు చివరిదాకా పోవడమే గగనం. మీ పిన్నికి విమానం పేరెత్తితే దడ. కొత్త జంట, మీరు పోయి రండ్రా" అన్నాడు. నేను వద్దని ఒకసారి అన్నాను (మర్యాద కోసం). ఆయన రెండోసారి అడక్కముందే సరేనన్నాను.

మా ఆవిడది కనిగిరి. ప్రయాణం మాట వినగానే మా అత్తగారు రోట్లో దంచిన వెల్లుల్లి కారం, గోంగూర పచ్చడి, కందిపొడి అన్నీ సీసాలకెత్తి పంపించారు. మా ఆవిడ వాటిని వరసగా మంచం మీద పెట్టుకుని, ఏ చీర మధ్య ఏది పెట్టాలా అని చూస్తోంది. నాకు జబ్బు తిరగబెట్టింది. "రోము దాకా పోయి గోంగూర తినేదానికి రోమెందుకు, ఇంటికాడే ఉండొచ్చుగా! ఏ ఊరు పోతే ఆ ఊరి తిండి తినాలి. సంస్కారం అంటే అదీ. పల్లెటూరి బైతుల్లాగా సీసాలు మోసుకుపోతే నలుగురిలో నా పరువేం కాను?" అని ఒక ఉపన్యాసం ఇచ్చాను. అంతటితో ఊరుకోక ఒట్టెయ్యమని చెయ్యి చాపాను. ఆవిడ ఒక్క క్షణం సీసాల వంక చూసింది. "అట్టాగే లెండి. మీరు వద్దన్నాక నేనెందుకు పెడతా? చిటికెడు కూడా తీసుకురాను, ఒట్టు" అని నా చేతిలో చెయ్యి వేసి, సీసాలన్నీ తీసి బీరువాలో పెట్టేసింది.

ఇక్కడ ఒక సంగతి ఒప్పుకోవాలి. మర్నాడు ఆవిడ స్నానానికి వెళ్ళినప్పుడు నేను బీరువా తీసి, వెల్లుల్లి కారం ఓ రెండు గుప్పెళ్ళు ప్లాస్టిక్ కవర్లో పోసి, రబ్బరు బ్యాండు వేసి, సాక్సులో దూర్చి, ఆ సాక్సును బూటులో పెట్టి, బూటును సూట్‌కేసు అడుగున పెట్టాను. ఎందుకైనా మంచిదని. (దొంగలందరూ ఈ మాటే అంటారనుకుంటాను.)

రోములో మొదటిరోజు మధ్యాహ్నం పిజ్జా వచ్చింది. మనిషికొకటి, విస్తరంత వెడల్పు. ఎర్రగా ఉంది. ఎర్రగా ఉంటే కారంగా ఉంటుందని నా ప్రాణం ఆశపడింది. పుట్టినప్పటినుంచీ దానికి తెలిసిన ఎరుపు అదొక్కటే మరి. నోట్లో పెట్టుకుంటే పులుపూ, జున్నులాంటి మెత్తదనమూ తప్ప ఇంకేమీ లేదు. "ఎట్టా ఉంది?" అన్నాను. "బాగుందండీ" అంది ఆవిడ. "అదీ! నే చెప్పలా?" అని, చేతులు కడుక్కొస్తానని లేచి, ఒక ముక్క కాగితంలో చుట్టుకుని బాత్రూముకు పోయి, తలుపు గడియ పెట్టి, పొద్దునే బూటులోంచి జేబులోకి మార్చిన కారం చల్లుకుని తిన్నాను. రోము నగరం మొట్టమొదటగా నాకు రుచించిన చోటు అదే.

అప్పటినుంచి ఇదే వరస. పెద్ద ఫౌంటెన్ దగ్గర ఆవిడ కళ్ళు మూసుకుని నీళ్ళలో నాణెం వేస్తుంటే, నేను వెనక నించుని జేబులోని పొట్లంలో వేలు ముంచి నాకాను. కొలోసియంలో (వెనకటి రోజుల్లో జనం చూస్తుండగా మనుషుల్ని పోట్లాడించి చంపిన పెద్ద రాతి కట్టడం) ఇద్దరికీ రొట్టె మధ్య జున్ను పెట్టింది కొన్నాను. ఆవిడ ఫొటోలు తీస్తున్నంతలో ఓ స్తంభం చాటుకు పోయి, రొట్టె విప్పి గట్టిగానే దట్టించాను. అదే సమయానికి గాలి కొట్టింది. సగం కారం రొట్టె మీద, సగం నా ఒక కంట్లో. ముక్కు, చెవులు, అన్నీ మండుతుండగా తల తిప్పితే ఎదురుగా మా ఆవిడ.

"ఏందండీ, ఏడుస్తన్నారా?"

అప్పుడు చెప్పేస్తే పోయేది. కాని నాలుక ముందే బయల్దేరింది. "ఏం లేదు. ఇక్కడ ఎంతమంది ప్రాణాలు పోయాయో తలుచుకుంటే... మనసు అదోలా అయింది" అన్నాను. ఆవిడ మొహం చూడాలి! అప్పటిదాకా నన్ను భర్త అనుకుంది, ఆ క్షణం నుంచి మనిషి కూడా అనుకుంది. పమిట చెంగుతో నా కళ్ళు తుడిచింది (ఆ తుడుపుతో కారం రెండో కంటిలోకి కూడా పోయింది, ఇంకా బాగా ఏడ్చాను). అక్కడే కనిగిరికి వీడియో కాల్ చేసి, "అమ్మా, మీ అల్లుడు పైకి అట్టా ఉంటాడుగాని మెత్తని మనిషే. వెనకటివాళ్ళు చచ్చిపోయారని ఇక్కడ కూచుని ఏడుస్తన్నాడు" అంది. ఫోనులో మా అత్తగారు కూడా కళ్ళొత్తుకున్నారు. "అయ్యో, నా తండ్రే! ఏదన్నా తినమని చెప్పవే" అన్నారు. తింటూనే ఉన్నానని చెప్పలేకపోయాను.

ఈ గొడవలో నేను గమనించనిది ఒకటి ఉంది. మా ఆవిడ ప్రతిచోటా సగం వదిలేస్తోంది. నూడుల్సులాంటివి రెండుసార్లు చుట్టుకుని, "కడుపు నిండిందండీ" అనేది. ఐస్‌క్రీము మాత్రం తినేది. రెండోరోజు సాయంత్రం నేను కోప్పడ్డాను కూడా. "ఇంతదూరం వచ్చి వీళ్ళ తిండి తినకపోతే ఎట్టా? నన్ను చూసి నేర్చుకో" అన్నాను. నన్ను చూసి! ఆవిడ ఇంకో రెండు ముద్దలు మింగింది. ఆ మింగడం ఇప్పటికీ నా కళ్ళకు కట్టినట్టుంటుంది.

మూడోరోజు పొద్దున ఒక చౌరస్తాలో సంత పెట్టారు. పూలు, కూరగాయలు, వెల్లుల్లి జడలు. వాటి మధ్య ఒక కొట్టులో తోరణంలా వేలాడుతూ ఎండుమిరపకాయలు! కింద బుట్ట నిండా విడి కాయలు. మూడు రోజుల తర్వాత చుట్టం కనపడ్డట్టయింది. నా కాళ్ళు నన్నడక్కుండానే నడిచాయి. బుట్టలో మోచేతి దాకా చెయ్యి దూర్చాను. అడుగు నుంచి నాలుగు లాగాను. ఒకటి చెవి దగ్గర ఆడించాను, విరిచాను, వాసన చూశాను, కొరికాను, మిగిలింది ఆ రాతి నేల మీద పారేసి రెండోది తీశాను. "తేమ ఉంది. తాలు కూడా కలిసింది" అని ఎప్పటి అలవాటు ప్రకారం పైకే తీర్పు చెప్పాను.

కొట్టావిడ మా పిన్ని వయసు మనిషి, మంచి దిట్టమైన మనిషి. ఒక్క కేక పెట్టింది. ఆవిడ అరిచింది ఇటలీ భాషలోనే గాని, నాకు అర్థం కాని ముక్క ఒక్కటీ లేదు. బుట్ట చూపించింది, నా చెయ్యి చూపించింది, నేల మీది ముక్కలు చూపించింది. పక్క కొట్లవాళ్ళు పోగయ్యారు. క్షమించమని దణ్ణం పెడితే అయిపోయేది. కాని సరుకు దగ్గర నేను తగ్గడమా? "ఏం కారమమ్మా ఇది? ఇదా మిరపకాయ? కారమంటే ఎట్టుంటదో చూపిస్తా చూడు! గుంటూరు!" అంటూ జేబులోంచి పొట్లం తీసి, రబ్బరు బ్యాండు లాగి, ఆవిడ ముక్కు ముందు పెట్టాను.

ఆవిడ అనుమానంగా వేలు ముంచి నాలుక మీద రాసుకుంది. మొహం ముందు తోరణమంత ఎర్రబడింది. తర్వాత దగ్గింది. ఆ తర్వాత రెండు చేతులూ పైకెత్తి పగలబడి నవ్వి, పక్కవాళ్ళందరినీ పిలిచి తలా కాస్త నాకించింది. చప్పట్లు కొట్టారు. నేను గర్వంగా, చూశావా అన్నట్టు మా ఆవిడ వైపు తిరిగాను.

తిరిగాక గాని నాకు తెలిసిరాలేదు.

ఆవిడ పొట్లం వంకే చూస్తోంది. "అది మా అమ్మ దంచిన కారం" అంది. "ఎప్పట్నుంచి తింటన్నారు?" అంది. "మొదటిరోజు నుంచి" అన్నాను. "అయితే కొలోసియం కాడ ఏడ్చింది?" అంది. ఆ ప్రశ్నకు జవాబు మీకూ నాకూ తెలిసిందే గనక నేను తల దించుకున్నాను.

తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. అక్కడున్న మెట్టు మీద కూలబడింది. "నోరు చచ్చిపోయిందండీ నాకు. మూడు రోజుల్నుంచి ఆకలి. అడిగితే మీ మాట పోద్దేమోనని మింగతన్నా" అంది. నాకు భూమి చీలితే బాగుండుననిపించింది. ఒట్టు వేయించుకున్నవాణ్ణి నేను, దాన్ని నిలబెట్టింది ఆవిడ. నేను దర్జాగా తిని, ఆవిడను పస్తు పెట్టాను. పొట్లం ఆవిడ చేతిలో పెట్టాను. ఒక్క చిటికెడు నాలుక మీద వేసుకుని కళ్ళు మూసుకుంది.

భాష రాకపోయినా కొట్టావిడకు సంగతంతా తెలిసిపోయింది (ఆడవాళ్ళకు ఇట్లాంటివి ఏ దేశంలోనైనా తెలిసిపోతాయి). లోపలికి పోయి ఓ రొట్టె, గిన్నెలో నూనె, నాలుగు టమాటాలు తెచ్చి మా ఆవిడ ఒళ్ళో పెట్టి, నావైపు ఒక చూపు చూసి పోయింది. మా ఆవిడ నూనెలో కారం కలుపుకుని, రొట్టె అద్దుకుని, రోములో మొదటిసారి కడుపు నిండా తింది. నేనూ చెయ్యి చాపాను. పొట్లం అవతలికి జరిగింది. "మీరు ఏ ఊరు పోతే ఆ ఊరి తిండి తింటారుగా. తినండి" అంది.

తిన్నాను. ఆ పూటా, మర్నాడూ చప్పిడి తిండే తిన్నాను. విచిత్రమేమిటంటే, కారం లేకుండా తిన్నాక గాని ఆ టమాటాకు ఒక రుచి ఉందని తెలియలేదు. బాగుందని పైకి అనే ధైర్యం మాత్రం లేకపోయింది. తిరుగు విమానంలో నా ముందు పెట్టిన అన్నం మీద, కిటికీ వైపు చూస్తూనే ఆవిడ ఒక చిటికెడు రాల్చింది. నేను కలుపుకున్నాను.

ఇన్నేళ్ళయినా ఎక్కడికి బయల్దేరినా నా సాక్సులు విదిలించి చూశాకే ఆవిడ సూట్‌కేసు మూస్తుంది. కాని నా కొలోసియం ఏడుపు అసలు సంగతి కనిగిరిలో ఇప్పటిదాకా చెప్పలేదు. అక్కడ నేనింకా మెత్తని మనిషినే. "మా అల్లుడు రాళ్ళను చూసి కూడా ఏడ్చే మనిషి" అని మా అత్తగారు వచ్చినవాళ్ళందరికీ చెప్పుకుంటారు. మొన్న వెళ్ళినప్పుడు కొత్త గోంగూర వడ్డించారు. రెండో ముద్దకే నా కళ్ళు నిండాయి. "అయ్యో, కారం ఎక్కువైందా నాయనా?" అని ఆవిడ కంగారుపడ్డారు. మా ఆవిడ నెయ్యి గిన్నె నా వైపు జరుపుతూ, "కారం కాదులే అమ్మా, ఏదో గుర్తొచ్చుంటది. ఆయన మనసు నీకు తెలుసుగా" అంది, మొహంలో నవ్వు కనపడకుండా. నేను తల వంచుకుని ఇంకో ముద్ద కలుపుకున్నాను. నిజానికి మా ఆవిడ చెప్పింది ఆ పూట అబద్ధమేమీ కాదు.