పెరుగు గిన్నెతో బండి ఎంచిన అనిత

అనిత మోటార్‌సైకిళ్ల షోరూమ్ కుర్రాడికి రోజూ పెరుగన్నం మోసుకుపోతోందని మన వీధిలో పుట్టిన మాట అబద్ధం. అందులో పెరుగు ఒక్కటే నిజం. అన్నం లేదు, ఆ కుర్రాడు ఒక్క చెంచా రుచి చూసిందీ లేదు. కిరాణా కొట్టు శ్రీహరి చూసిందల్లా స్టీలు గిన్నె పట్టుకుని షోరూమ్ మెట్లెక్కుతున్న అనితను. మిగతాదంతా ఆయన కొట్టు ముందు నిలబడ్డవాళ్లు తలా ఒక పోపు వేసి వండింది. అసలు జరిగింది ఇదీ.

అనిత నంద్యాలలో ఒక ల్యాబుకు రక్తం తీసే పని చేస్తుంది. ముప్పై ఆరేళ్లు. పదకొండేళ్ల నుంచీ అదే పని. పొద్దున ఆరుకే బయలుదేరి, మంచం దిగలేని ముసలివాళ్లు, చక్కెర జబ్బువాళ్లు ఉన్న ఇళ్లకు పోయి రక్తం తీస్తుంది. ఎవరికీ దొరకని నరం ఆమె వేలికి దొరుకుతుంది. "సూది గుచ్చినావా, ఇంకా లేదా" అని అడిగేలోపు దూది పెట్టేసి ఉంటుంది. శనివారం మాత్రం ఆళ్లగడ్డకు పోయి, పాతిక ముప్పై సీసాలు ఐసు డబ్బాలో సర్దుకుని, మధ్యాహ్నంలోపు నంద్యాల చేర్చాలి.

చిక్కంతా ఆ డబ్బాతోనే వచ్చింది. ఆమె పాత స్కూటరుకు చిన్న చక్రాలు. గుంటలో దిగితే నడుము దాకా తెలుస్తుంది. ఆ కుదుపుకు సీసాలో రక్తం చిలికినట్టయి, పైన గడ్డివామి రంగులో తేరాల్సిన నీరు ఎర్రగా తేలుతుంది. అది పరీక్షకు పనికిరాదు. మళ్లీ ఆ మనిషి ఇంటికి పోయి మళ్లీ గుచ్చాలి. ఒక శనివారం నాలుగు సీసాలు పోయాయి. పై శనివారం ఆరు. ల్యాబు ఆయన డబ్బా మూత పెట్టి, "ఇంకొక్కసారి ఇట్లయితే ఆళ్లగడ్డ ఇంకొకరికి ఇస్తా అనితా" అన్నాడు. కోపంగా కూడా అనలేదు. అందుకే ఆమెకు భయమేసింది.

బండి మార్చాల్సిందేనని తేలింది. ఏ బండి అన్నదే తెగలేదు.

"హైవే మీద పోతాండావ్, నూటయాభై సీసీ తీసుకో. బరువుగా నిలబడతాది," అన్నాడు భర్త ఎడ్విన్.

"అది నిలబడతాది. నేను నిలబడల్ల గదా," అంది అనిత. ఎక్కి కూర్చుంటే ఆమె కాలి మునివేళ్లు మాత్రమే నేలకు ఆనాయి. పొద్దున ఇరవై గేట్ల ముందు ఆగి, ఇరవైసార్లు స్టాండు వేసే మనిషికి అది కుదరదు.

షోరూమ్‌లో క్రాంతి కుమార్ అనే కుర్రాడు నేరుగా స్కూటర్ల దగ్గరికి తీసుకుపోయాడు. "ఆడోళ్లకు ఇదే సుకమక్కా."

"సుకం నాకు కాదప్పా, డబ్బాకు కావాల."

డబ్బా సుఖం కనుక్కోవడం ఎలా? పరీక్ష కోసం మనుషుల రక్తం తియ్యలేదు కదా. రెండు రోజులు ఆలోచించి, కుదిపితే చెడేది ఇంట్లో ఇంకేముందని వెతికితే పెరుగు కనబడింది. పక్కింటి కమలాక్షమ్మ దగ్గర గేదె పెరుగు ఒక గిన్నెడు తోడు పెట్టించుకుని, ఐసు డబ్బాలో పెట్టి, వెనక సీటుకు కట్టి షోరూమ్ బండ్లు మూడు నడిపి చూసింది. మూడింటి మీదా పెరుగు చెక్కుచెదరలేదు. సంబరపడి, ఎందుకైనా మంచిదని తన పాత స్కూటరు మీదా తిప్పింది. అప్పుడూ చెదరలేదు. దాంతో సంబరం కాస్తా దిగిపోయింది.

సంగతి విని కమలాక్షమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "మా గేదె పెరుగు కత్తితో కోయాల మే. దాన్ని లారీ కింద పడేసినా పగలదు. ఆవుపాలు తీసుకో, ఇంత నీళ్లు పొయ్యి, తోడు తక్కువెయ్యి. అప్పుడు సూడు, గిన్నె పక్కన తుమ్మినా ఇరుగుతాది."

ఆ తర్వాత రోజూ ఆవు పెరుగు, రోజూ ఒక బండి. శ్రీహరి కంట పడిన గిన్నె అదే. పెరుగు తోడేసిన కమలాక్షమ్మ ఈ పుకారు విని కూడా వారం రోజులు నోరు మెదపలేదు. కొట్టు ముందు కథ రోజురోజుకూ పెరుగుతుంటే వినడానికి బాగుందట.

కొత్త స్కూటరైతే, తవ్వి వదిలేసిన వీధిలో ఒక్క మలుపు తిరిగేసరికి గిన్నెంతా నీళ్లయింది. నూరు సీసీ బండి ఊళ్లో బంగారంలా నడిచింది. కానీ ఆళ్లగడ్డ రోడ్డెక్కాక, చాగలమర్రి వైపు నుంచి లారీ ఒకటి ఎదురుగా దూసుకొచ్చేసరికి ఆ గాలికే పక్కకు జరిగింది. అనిత గబుక్కున బ్రేకు పట్టింది. పెరుగు విరిగింది. నూటపాతిక సీసీ బండికి కాళ్లు రెండూ నేలకు ఆనాయి, లారీ గాలికి అది బెదరలేదు. పెరుగు అంచున చెంచాడు నీళ్లు మాత్రం ఊరాయి. ఆమె దానికీ ఊరుకోలేదు. "టైర్లలో గాలి రాయి మాదిరి కొట్టినారు. కంపెనీ చెప్పినంతే పెట్టు," అని తగ్గించి పెట్టించి, మళ్లీ ఇంకో గిన్నెతో తిరిగొచ్చింది. మూత తీస్తే పైన మీగడ కూడా కదలలేదు.

"నాలుగేండ్ల నుంచి బండ్లమ్ముతాండా అక్కా," అన్నాడు క్రాంతి కుమార్, గిన్నెలోకి తొంగిచూస్తూ. "మైలేజీ అడగకుండా మూత తీసి సూసింది నువ్వొక్కదానివే."

"మైలేజీ కూడా చెప్పప్పా, ఇంట్లో మా ఆయన అడుగుతాడు."

ఆ నూటపాతిక బండే కొంది. ఎర్ర రంగు దొరకలేదు, బూడిద రంగే దొరికింది. మొదటి శనివారం ఇరవై ఎనిమిది సీసాలు తెచ్చింది. ల్యాబు ఆయన ఒక్కొక్కటే వెలుతురుకు పట్టి చూశాడు. చివరిది కూడా చూసి, వచ్చే శనివారం పోవాల్సిన ఆళ్లగడ్డ ఇళ్ల చీటీ ఆమె చేతిలో పెట్టాడు. ఆరు వారాలు గడిచాయి. ఒక్కటీ పోలేదు.

కమలాక్షమ్మకు మాత్రం లోపల ఒక ప్రశ్న మిగిలిపోయింది. ఒక సాయంత్రం బండి తుడుస్తున్న అనితను గట్టిగానే అడిగింది.

"పని పోతాదనే గదా మే ఇంత తిప్పలు పడితివి? నీ చేతికి యాడైనా పని దొరుకుతాది. ఆళ్లగడ్డ పోతే పోనీ అనుకోకుండా, ఏంటికి అంత పట్టుబట్టినావు?"

అనిత గుడ్డ పిండి హ్యాండిల్ మీద ఆరేసింది.

"ఆళ్లగడ్డలో ఆరేండ్ల పాప ఉండాది అత్తా. మొదటిసారి తానే చెయ్యి చాపింది. ఆ సీసా చెడిపాయ. మళ్లా పోతే, నా బండి సప్పుడు ఇని మంచం కిందికి దూరింది. ఇంకొకరు పోతే ఆ పాప మంచం కిందే ఉంటాది. నేనే పోవాల, నేనే బయటికి పిలవాల."