ఉరికేటోడు అడ్డం మాట్లాడడు

ఆ రోజుల్లో అని నేను మొదలుపెడితే మా అక్క నవ్వుతుంది. "నీకేం రోజులున్నయిరా, మొన్ననే మీసం మొలిచింది" అంటుంది. కానీ మెట్లు దిగేటప్పుడు మోకాళ్లు కలుక్కుమనే ప్రతి మనిషికీ ఆ రోజుల్లో అనే హక్కు ఉండాలని నా వాదన. ఆ రోజుల్లో మా వనపర్తి దిక్కు పొద్దున్నే రోడ్డు మీద ఉరికే పిల్లగాడు కనబడితే జనానికి రెండే అర్థాలు: ఒకటి, కుక్క తరుముతున్నది, రెండు, పోలీసు ఉద్యోగానికి తయారవుతున్నాడు. (ఆరోగ్యం కోసం ఉరుకుతున్నాడని ఎవరూ అనుకోరు. ఆరోగ్యం అంత బాగుంటే చేనికి పోవచ్చు కదా.) నేను రెండో రకంగానే మొదలయ్యాను. ఉరకడంలో గట్టెక్కాను, ఆ తర్వాత ఎత్తు కొలిచే దగ్గర వేలెడు తక్కువయ్యాను. కదిలితే పాసై, నిలబడితే ఫెయిలైనవాణ్ని మా ఊళ్లో నేనొక్కణ్నే.

పోలీసు పరీక్షకు కొన్న బూట్లు ఇంకా కొత్తగానే ఉన్నాయి. కొత్తకోటలో నేను పనిచేసే లారీ స్పేర్ పార్టుల దుకాణం పొద్దెక్కితే గాని తెరవరు. హైదరాబాదులో మారథాన్ ఉందని ఒక దోస్తు ఫోన్‌లో చూపిస్తే పేరిచ్చేశాను. అప్పుడు నాకు తోడొచ్చినవాడు మా చిన్నాయన. మా నాయనకు తమ్ముడు, పక్కిల్లే. "సీకట్ల లారీలోళ్లు సూస్కోరు బిడ్డా, నేను లైటేసుకొని నీ పక్కపొంటి వస్త" అని తన పాత మోపెడ్ బయటికి తీశాడు. అంతకు ముందు ఏడాదే చిన్నమ్మ పోయింది. వనపర్తి దవాఖానలో పది పదిహేను రోజులుండి, తిరిగి రాలేదు. చిన్నాయన అందరి ముందు ఏడ్వలేదు. దినాలు కాంగనే వేరుశనగ చేనికి పోయాడు. ఇంట్లో ఆమె పేరు తీయలేదు, ఆయన తీయలేదని మేమూ తీయలేదు. పొద్దున నేను రొప్పుతూ ఉరుకుతుంటే మాత్రం పక్కన మోపెడ్ మీద ఏదో మాట్లాడుతూనే వచ్చేవాడు. నా ధ్యాసంతా కిలోమీటరు రాళ్ల మీద. నాకు వినబడింది మోపెడ్ చప్పుడే.

మారథాన్‌కు కూడా వచ్చాడు. అంతమంది జనాన్ని చూసి బిత్తరపోయి నా చెవిలో అడిగాడు: "ఇంతమందికి పోస్టులు ఏడున్నయిరా?"

"పోస్టులు లేవు చిన్నాయన. వీళ్లే పైసలు కట్టి ఉరుకుతుండ్రు."

"పైసలు కట్టినంక గుడ ఉరుకుడేనా?"

బూట్ల దారాలు బిగించుకొని జనంలో కలిశాను. ఎట్లనో ఉరికాను. చివర్లో కాళ్లు నావి కావు, ఎవరివో అడిగి తెచ్చుకున్నట్టు ఉన్నాయి. గీత దాటి చేతులు పైకెత్తి ఫోటో దిగాను. చిన్నాయన ఉడకేసిన పల్లికాయ సంచి చేతిలో పెట్టి, "నీ ముందర ఒక తాత పోయిండురా" అన్నాడు. చూశాను చిన్నాయన, చాలాసేపు ఆ తాత వీపే చూశాను అనుకున్నాను మనసులో.

ఊళ్లో దోస్తులు చౌరస్తాలో ఫ్లెక్సీ కట్టారు. మెడలో మెడల్‌తో నిలువెత్తు నేను (ఫ్లెక్సీలో ఎత్తు సరిపోయింది). వారం పది రోజులు అందరూ చూశారు. తర్వాత వాన మొగులైతే మా నాయన దాన్ని విప్పుకొచ్చి కల్లంలో పల్లికాయ కుప్ప మీద కప్పాడు. ఎగిరిపోకుండా సరిగ్గా నా మొహం మీద బండరాయి పెట్టాడు. అమ్మ మెడల్‌ను బీరువా తాళంచెవికి కట్టింది, తాళంచెవి పోకుండా ఉంటుందని.

ఇక్కడిదాకా నవ్వులాటే. తర్వాత నేను ఉరకడం మానేశాను. మొదట కాళ్ల నొప్పులన్నాను, తర్వాత వాన అన్నాను, వాన ఆగినంక బురద అన్నాను. నిజానికి ఏ సాకూ అక్కర్లేకుండానే లేవబుద్ధి కాలేదు. చేరాల్సిన చోటుకు చేరిపోయాను, అక్కడేమీ లేదు. మళ్లీ అదే దుకాణం, అవే బేరింగులు, అదే వేలెడు తక్కువ. మెలకువ వచ్చి పైకప్పు చూస్తూ పడుకునేవాణ్ని, ఛాతీ మీద ఆ బండరాయి నాకే పెట్టినట్టు. సలహాలకు కొదవ లేదు. దోస్తు ఫోన్‌లో అడుగులు లెక్కబెట్టే యాప్ వేశాడు. అక్క ఇంకో మారథాన్‌కు పేరియ్యమంది. మా దుకాణం సేటు అయితే "ఈసారి ఫస్టు రా, అయిపోతది" అన్నాడు, నాకే తట్టనట్టు.

రోజూ తెల్లారకముందే మా గోడ అవతల మోపెడ్ మొదలయ్యేది. కాసేపు అట్లే టుకుటుకుమని, ఆగిపోయేది. నన్ను లేపడానికే అనుకొని దుప్పటి ముసుగేసుకునేవాణ్ని. ఒక పొద్దు చిరాకెత్తి బయటికొచ్చాను. చిన్నాయన స్టాండు వేసిన మోపెడ్ మీద కూర్చొని ఉన్నాడు. లైటు వెలుగు ఎదురింటి గోడ మీద పడుతున్నది.

"నేను రానని చెప్పిన గద చిన్నాయన. ఎందుకు పరేషాన్ అయితవ్? నీ మోపెడ్‌నే మారథాన్‌కు రాయిస్త తియ్" అన్నాను.

నవ్వలేదు. "నీ కోసం కాదుర" అన్నాడు. ఇంజను ఆపాడు. "ఇంట్ల మీ చిన్నమ్మ ముచ్చట తీస్తే మీ అమ్మ ఏడుస్తది. మీ నాయన లేసి పోతడు. నీకు చెప్తే జోకులేస్తవ్. ఉరికేటప్పుడైతే నీకు దమ్ముండదు, ఊకుంటవ్. ఉరికేటోడు అడ్డం మాట్లాడడు. గందుకు నాకు మంచిగుండె."

అన్ని నెలలు పక్కపొంటి వచ్చి ఆయన చెప్పిందేమిటో అప్పుడు గుర్తు చేసుకోబోయాను. అక్కడో ముక్క, ఇక్కడో ముక్క. ఇదే మోపెడ్ మీద బీచుపల్లి హనుమంతుని దగ్గరికి పోతే కృష్ణ బ్రిడ్జి మీద ఆమె కండ్లు మూసుకొని ఆయన అంగీ పట్టుకున్న సంగతి. దవాఖానలో ఏదో అడిగిన సంగతి. ఏం అడిగింది? తెలియదు. అక్కడ కిలోమీటరు రాయి వచ్చి ఉంటుంది.

మరునాడు బూట్లు వేసుకున్నాను. ఏదో గొప్ప మనసుతో కాదు, ఇంట్లో పడుకుంటే ఆ మోపెడ్ చప్పుడు వినలేక. మునుపు రెండూళ్లు దాటితే వచ్చే ఆయాసం ఇప్పుడు మా బస్టాపు దగ్గరే వచ్చేసింది. చిన్నాయనకు అనుకూలమే, తొందరగా మొదలుపెట్టాడు. "జొన్నరొట్టె అడిగిందిరా. డాక్టరు వద్దన్నడని నేను పెట్టలే. తిన్నా పోతుండె, తినకున్నా పోయె. జరంత ముక్క పెడితే ఏమైతుండె?" నా నోట్లో ఎప్పట్లాగే ఒక జోకు తయారుగా ఉంది. దానికి సరిపడా గాలి లేదు. రోడ్డు చూసుకుంటూ ఉరికాను.

ఇప్పటికీ ఉరుకుతున్నాను. చాయ్ హోటల్ దగ్గర "ఇంకా రాలేదా నౌకరి?" అని అడుగుతారు, రాలేదంటాను. ఆ ఫోటోలో చేతులు పైకెత్తినవాణ్ని చూస్తే నవ్వొస్తుంది. ఎవరికీ చెప్పని సంగతి ఒకటుంది. నాకు దమ్ము తిరిగొచ్చి చాలా రోజులైంది. ఉరుకుతూనే హాయిగా మాట్లాడగలను, కావాలంటే పాట కూడా పాడగలను. మోపెడ్ పక్కకు రాగానే మాత్రం కొంచెం గట్టిగా రొప్పుతాను.