రష్యా ఆవిడ తాగిన గ్లాసు

ఎనభైల్లో మా ఊరికి రష్యా నుంచి నాట్యబృందం వస్తోందంటే నేను నమ్మలేదు. మిరప చేలు, పత్తి చేలు తప్ప మా ఊళ్ళో ఏముందని? గుంటూరులో రెండు దేశాల స్నేహం కోసం ఓ సంఘం ఉండేది. ప్రదర్శన అయ్యాక అతిథులకు మిరపకాయలు పండే ఊరొకటి చూపించాలని దాని కార్యదర్శికి ముచ్చట పుట్టింది. బ్రాడీపేట నుంచి స్కూటరేసుకుని మా బడికి వచ్చి, పిల్లల చేత స్వాగతగీతం పాడించమని నాకు పురమాయించాడు.

నేను ఆ బడిలో టీచర్ని. మాది పల్లె, అంటే ఊరికి ఎడంగా చర్చి చుట్టూ ఉన్న ఇళ్ళు. ఊరివాళ్ళ పిల్లలకు నేను అక్షరాలు దిద్దించొచ్చు గానీ, ఊరి టీకొట్టు బల్ల మీద మా నాన్న కూర్చోకూడదు. మిరపకాయలు కుక్కిన గోనె టిక్కీలు మోసి మోసి వచ్చి, బయట గుంజకు కొట్టిన చెక్క మీద మా పల్లెవాళ్ళకని బోర్లించిన గ్లాసుల్లో ఒకటి తీసుకుని, నిలబడి తాగి, తనే కడిగి మళ్ళీ బోర్లించాలి. ఊరివాళ్ళ గ్లాసులు లోపల ఉండేవి. మా నాన్న ఒక్కసారైనా ఆ బల్ల మీద కూర్చుని, ఆ లోపలి గ్లాసుతో టీ తాగితే చూడాలని నా కోరిక. ఆ మాటెత్తితే "నీ ఉజ్జోగం నువ్వు చూసుకో అమ్మా" అనేవాడు.

అతిథులు వచ్చారు. కళ్లంలో ఆరబోసిన కాయల చుట్టూ తిరిగి ఫొటోలు తీసుకున్నారు. వాళ్ళలో తెలుగు చదువుకున్న ఆవిడ ఒకతి, మా కూలీలు బిత్తరపోయేంత గ్రాంథికంలో అందర్నీ పలకరిస్తోంది. అంతలో గాలి మళ్ళి, ముక్కులు మండించే మిరప కోరు ఎగిరింది. పాపం ఆవిడకు దగ్గు పట్టుకుంది, కళ్ళ వెంట ఒకటే నీళ్ళు. దగ్గుతూనే రోడ్డు పక్క టీకొట్టు దగ్గరికి పరుగెత్తి, చేతికందిన గ్లాసు తీసి చాపింది.

మా చెక్క మీది గ్లాసు.

కొట్టు మనిషి చేతిలో టీ గిన్నె అలాగే ఆగిపోయింది. బల్ల మీది పెద్దమనుషులు నోళ్ళు తెరిచారు. పక్కనే నిలబడి టీ తాగుతున్న మా నాన్న హడలిపోయి, "అమ్మా, అది మా పల్లెవాళ్ళదమ్మా!" అన్నాడు.

"మీదైనను నాకు అభ్యంతరము లేదు. తేనీరు పోయండి" అందావిడ.

పోశాడు. పొయ్యక ఏం చేస్తాడు? ఆవిడ తాగి, మా నాన్న కడగడం చూసి, తనూ కడిగి ఆయన గ్లాసు పక్కనే బోర్లించింది. ఆకాశమేమీ విరిగి పడలేదు. పాస్టరుగారి ప్రసంగాలు, మంత్రుల ఉపన్యాసాలు చెయ్యలేని పని ఒక్క దగ్గు తెర చేసిపెట్టిందని, ఇక ఆ చెక్క పీకేస్తారని సంబరపడిపోయాను. పిచ్చిదాన్ని.

తర్వాత వారం కార్యదర్శి మళ్ళీ వచ్చాడు. ఇలాంటి రాకపోకల వల్ల ఫలితం ఉంటోందా, జనం మనసుల్లో ఏమైనా మార్పు వచ్చిందా అన్నది ఆయన పైవాళ్ళకు చెప్పాలట. నన్ను వెంటబెట్టుకుని టీకొట్టుకే వెళ్ళాడు.

"మార్పా? ఇటు చూడండి!" అని కొట్టు మనిషి లోపలికి చెయ్యి చూపించాడు. దేవుడి పటాల పక్కన, వెలిగించిన అగరొత్తుల దగ్గర, మా గ్లాసు. "రష్యా దొరసాని తాగిన గ్లాసండీ. ఎవర్నీ ముట్టుకోనివ్వట్లా."

చెక్క గుంజకు ఎప్పట్లాగే ఉంది. దాని మీద ఒక గ్లాసు తగ్గింది, అంతే మార్పు. ఉన్నవన్నీ పల్లెవాళ్ళ చేతుల్లో ఉన్నాయి. అప్పుడే బరువు దించి వచ్చిన మా నాన్న లోపలికి చూసి, "అయ్యా, అది ఇటిస్తే..." అని చెయ్యి చాపాడు.

"ఒరేయ్, ముట్టుకోమాక! మీవాళ్ళు తాగిందాకా ఆగు" అని అరిచాడు కొట్టు మనిషి.

మా నాన్న చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఏళ్ళ తరబడి తను తాగి, తను కడిగిన గ్లాసు! నా ఒళ్ళు మండిపోయింది.

కార్యదర్శి ఇదేమీ పట్టించుకోలేదు. బల్ల మీద కూర్చుని టీ చప్పరిస్తూ, "ఇంతకంటే రుజువేం కావాలండీ! స్నేహం జనంలోకి దిగిపోయింది. మీరేమంటారు టీచర్‌గారూ?" అన్నాడు.

"ఆ గ్లాసు మా నాన్నదండీ. అదుగో, ఆయనకింకా టీ పొయ్యలేదు" అన్నాను.

ఆయన మొహం వెలిగిపోయింది.

"మీ నాన్నగారిదా! అయితే మీరెంత గర్వపడాలండీ!" అన్నాడు.

మా నాన్న గ్లాసు కోసం గుంజ పక్కనే నిలబడి ఉన్నాడు.