మిగతా పాట మనమే పాడుకోవాలి

మొన్న పామర్రు నుంచి విజయవాడ వస్తుంటే బస్సులో నా పక్క సీట్లో ఒక కుర్రాడు కూర్చున్నాడు. చెవుల్లో తెల్లటి గింజలేవో పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. ఆ గింజల్లోంచి చిక్‌చిక్‌మంటూ సన్నగా ఏదో దరువు నాకూ వినిపిస్తోంది. కాసేపటికి పోల్చుకున్నాను. రాక్ అండ్ రోల్! నేను డిగ్రీ చదివే రోజుల్లో విన్న పాట. ఒళ్లు ఝల్లుమంది. ఈలోపు అతగాడు ఫోను మీద వేలితో ఒక్క తోపు తోశాడు. పాట సగంలో పోయి ఇంకోటి వచ్చింది. నాకు ఒళ్లుమండింది. మార్త టీచరుగారుంటే ఆ పిల్లవాణ్ణి ఊరికే వదిలేవారు కాదు.

డెబ్బయ్యో దశకంలో మేము పటమటలో ఉండేవాళ్లం. నాన్నకు వన్‌టౌన్‌లో బట్టల కొట్టు. మార్త టీచరుగారిది మా పక్కిల్లు. బడిలో ఇంగ్లీషు చెప్పేవారు, ఆదివారం చర్చిలో హార్మోనియం వాయించేవారు. నలభై దాటాయి, పెళ్లి చేసుకోలేదు. ఓడలో పనిచేసే తమ్ముడు వచ్చినప్పుడల్లా రికార్డులు తెచ్చేవాడు. కీర్తనలు తెమ్మంటే ఈ గోల తెచ్చాడేమిటని మొదట్లో తిట్టారట. తర్వాత ఆ గోలే తెమ్మని అడగడం మొదలుపెట్టారు. మా వీధి మొత్తానికి రికార్డు ప్లేయరు ఆమెకే ఉంది కనుక, ఆదివారం భోజనాలయ్యాక కాలేజీ పిల్లలం కొందరం ఆమె ముందుగదిలో చేరేవాళ్లం. పెడన నుంచి వచ్చిన మా నాయనమ్మ గోడ ఇవతల ఆ మోత విని, టీచరమ్మ ఇంట్లో మగ్గం పెట్టిందా ఏమిటే అని అడిగింది. పుట్టింది మొదలు మగ్గం చప్పుళ్లలోనే బతికిన మనిషి మరి. అది పాటంటే నమ్మలేదు గానీ, ఆ పై ఆదివారం నుంచి ఆ గోడకే చేరగిలబడి తమలపాకులు నమిలేది.

ఆ రోజుల్లో కరెంటు పోవడానికి వేళాపాళా ఉండేది కాదు. కొండపల్లి దగ్గర పవర్ స్టేషన్ కడుతున్నారు, అదొచ్చేస్తే మన బాధలన్నీ తీరిపోతాయని పెద్దవాళ్లు చెప్పుకునేవారు. పాట మంచి పట్టులో ఉండగా కరెంటు పోయేది. పాడేవాడి గొంతు సాగి సాగి, మూలిగి, చల్లబడిపోయేది. మేము ఉసూరుమంటూ లేవబోతే టీచరుగారు ఒప్పుకునేవారు కాదు.

“కూర్చోండర్రా. విస్తట్లో సగం వదిలేసి లేస్తారా? మిగతాది మనమే పాడుకోవాలి. ఊఁ, అందుకోండి” అనేవారు.

అదీ ఆ ఇంటి రివాజు. ఒకడు స్టూలు మీద డ్రమ్ములు, ఇంకొకడు నోటితో గిటారు, నేను పాట. నాకు మాటలు సగం తెలియవు. తెలియనిచోట ఏ కూతో కూసి నెట్టుకొచ్చేదాన్ని. టీచరుగారు కుర్చీ చేతి మీద వేలి కణుపులతో తాళం వేసేవారు. కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు కాబట్టి మొదటి నుంచే చెవులు రిక్కించి వినేవాళ్లం, ఎవరి వాటా వాళ్లు పట్టుకోవాలిగా! పరీక్షలకు కూడా నేనంత శ్రద్ధ పెట్టి ఎరగను.

ఒక డిసెంబరు మధ్యాహ్నం. ఫ్యాన్లు అక్కర్లేని చలికాలం, పట్టపగలు కాబట్టి లైటూ లేదు. టీచరుగారు కిటికీ వైపు తిరిగి, కళ్లు మూసుకుని తాళం వేస్తున్నారు. పాట మధ్యలో రికార్డు మూలిగి ఆగిపోయింది. ఆమె అందుకోండర్రా అంటారని ఎదురుచూశాం. అనలేదు. తాళం మాత్రం ఆగలేదు. నిశ్శబ్దంగా ఉన్న గదిలో కుర్చీ మీద ఆ చిన్న చప్పుడొక్కటే సాగింది. పాటలో విరామం వచ్చేచోట ఆగింది, మళ్లీ అందుకుంది, సరిగ్గా పాట ముగిసేచోట ముగిసింది. ఆమె కళ్లు తెరిచి, తృప్తిగా మావైపు తిరిగారు.

“అమ్మయ్య, ఇవాళ కరెంటు పోకుండా పాటంతా విన్నాం.”

మా మొహాలు చూశారు. కదలని రికార్డు చూశారు. మిగిలినవాళ్లు ఒక్కొక్కరే జారుకున్నారు. నేనొక్కదాన్నే ఉండిపోయాను.

“చాన్నాళ్ల నుంచీ వినపడటం తగ్గిపోతోంది సరోజా” అన్నారు చివరికి. “మీ పెదాలు చూసి నెట్టుకొస్తున్నాను. రికార్డుకి పెదాలుండవుగా.”

ఆ వారమే పాస్టరుగారితో చెప్పి హార్మోనియం మానేశారు. చర్చిలో ఎవరో జాలిపడితే, నాకేమైందని ఆ ఏడుపు అని కసిరారట. రికార్డులు మాత్రం మానలేదు. తమ్ముడు మళ్లీ కొత్తవి తెస్తే నన్ను పిలిచి, విని చెప్పమన్నారు. విన్నాను. చాలా బాగుందండీ అన్నాను.

“బాగుందంటే నాకేం తెలుస్తుందమ్మాయ్? పెళ్లి భోజనమా? ముందేమొచ్చింది? ఎవడు తొందరపడ్డాడు? పాడేవాడు ఎక్కడ ఊపిరి పీల్చుకున్నాడు? అది చెప్పు.”

మళ్లీ విన్నాను. మళ్లీ చెప్పాను. నాకు పెళ్లై గుంటూరు వెళ్లేదాకా ఆదివారాలన్నీ అలాగే గడిచాయి. ఆమె నాకెదురుగా కూర్చుని నా పెదాలకేసి చూసేవారు, నేను ఇంగ్లీషు పాటను తెలుగులో వాయిద్యం వాయిద్యంగా చెప్పేదాన్ని. నేను సరిగ్గా చెప్పిన రోజున ఆమె పాదం దానంతటదే కదిలేది. ఆ పాదం కదలాలని ఎంత ఆశపడేదాన్నో! అంతకుముందు నేను పాటలు విన్నానని అనుకునేదాన్ని గానీ, వినడం అప్పుడే నేర్చుకున్నాను.

ఆమె పోయి చాలా ఏళ్లయింది. క్యాసెట్లు వచ్చి వెళ్లాయి, సీడీలు వచ్చి వెళ్లాయి. ఇప్పుడు ఏ పాట కావాలన్నా అరచేతిలోనే ఉంది. ఆదివారం దాకా ఆగక్కర్లేదు, పక్కింటి గుమ్మం తొక్కక్కర్లేదు. సుఖమే, కాదనను. నేనూ వింటాను, ఒక్కదాన్నే కూర్చుని. వింటున్నంతసేపూ లోపల టీచరుగారికి ఒకటే పాఠం అప్పగింత: గిటారొక్కటే మొదలైందండీ, కాస్త ఆగి డ్రమ్ములొచ్చాయి, ఇదిగో ఇక్కడ ఊపిరి పీల్చుకున్నాడు... అలా చివరిదాకా గుర్తుపెట్టుకుంటాను. పాటైపోతుంది. ఏం విన్నావే అని అడిగే మనిషి లేరు.