చందా ధర్మం

ఇంటర్నెట్‌లో ప్రతి యంత్రానికీ ఓ నంబరు కావాలి. ఆ నంబర్లను కంపెనీలకు పంచే సంస్థలో సభ్యత్వ చందా ఎంతో తేల్చే అధికారి ఒకాయన ఉన్నాడు. ఏటా జరిగే సమావేశంలో పెద్ద కంపెనీలవాళ్లు అందరికీ ఒకటే చందా పెట్టమని బల్ల గుద్దుతారు. అప్పుడాయన కళ్లజోడు తీసి చొక్కా కొసతో తుడుస్తూ, "ఎక్కువ నంబర్లు తీసుకున్నవాళ్లు ఎక్కువ కట్టాలండీ, అదే ధర్మం" అంటాడు. జోడు లేనంతసేపూ ఎవరి మొహమూ ఆనదు కనుక ధైర్యానికి లోటుండదు. ఇంటికొచ్చి ఆ ఘనకార్యాన్ని భార్యకు పూసగుచ్చినట్టు చెబుతాడు.

మొన్న వాళ్ల అపార్ట్‌మెంట్‌లో లిఫ్టు ఖర్చు మీద మీటింగు పెట్టారు. "ఇంట్లో మనుషుల్ని బట్టి వేసుకుందామండీ" అంది రెండో అంతస్తులో ఒక్కతే ఉండే టీచరమ్మ. ఈయనది ఏడో అంతస్తు. అత్తగారు, బావమరిది కుటుంబం, పిల్లలు కలిసి లిఫ్టును ఊపిరి తీసుకోనివ్వరు. ఆయన దిగ్గున లేచి బల్ల గుద్దాడు. "అదేం లెక్కండీ! ఇంటికింతని అందరికీ ఒకటే వెయ్యాలి, అదే ధర్మం!" భార్య ఆయన కళ్లజోడు తీసి, శుభ్రంగా తుడిచి చేతిలో పెట్టింది. "పైకెళ్లేటప్పుడు లిఫ్టులో అద్దం చూసుకోండి. మీ ఆఫీసులో బల్ల గుద్దే పెద్దమనిషి కనబడతాడు" అంది. ఆయన ఆరోజు ఏడంతస్తులూ మెట్లెక్కే వెళ్లాడు.